బయల్దేరాయన

మా మామయ్య పెట్టెలు బాగుచేస్తాడు. చక్రం ఊడిన పెట్టె, జిప్పు నోరు తెరిచిన పెట్టె, లోపలికి పోయిన పిడి మళ్లీ బయటికి రానని మొండికేసిన పెట్టె, ఏదైనా ఆయన చేతిలో పడితే దారికొస్తుంది. షాపు కింద, ఇల్లు పైన. పైన ఉన్నవి రెండే గదులు, ముందుగది, లోపలిగది. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి మామయ్య, అత్తయ్యల దగ్గరే ఉంటున్నాను. పెట్టెల లోపలి గుడ్డ చిరిగితే కొత్తది వేసి కుట్టడం నా పని. కుట్టుమిషను షాపులో వెనక మూలన ఉంటుంది. అక్కడి నుంచి నాకు అందరూ కనిపిస్తారు, నేను ఎవరికీ కనిపించను. నాకు అదే బాగుంటుంది.

ఊళ్లో మామయ్యను బయల్దేరాయన అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. బాగుచేసిన పెట్టెను నడిపించి చూడందే ఇవ్వడం ఆయనకు మనసొప్పదు. పాత తూకపురాళ్లను దుప్పటిలో చుట్టి పెట్టెలో సర్దుతాడు. ఉతికిన చొక్కా తొడుక్కుంటాడు. మాసిన చొక్కాతో కొత్త పెట్టె లాక్కుపోతే దొంగ అనుకుంటారని ఆయన భయం. అలా తయారై, ఆస్పత్రి ముందున్న ఏటవాలు దిగి, పలకలు లేచిపోయిన సందులోంచి బస్టాండు వెనక గోడ దాకా వెళ్తాడు. అక్కడ గోడను చేత్తో ఒకసారి తట్టి వెనక్కి తిరుగుతాడు. దారి పొడుగునా తల ఒక పక్కకి వాల్చి చక్రం చప్పుడు వింటుంటాడు.

దారిలో వాళ్లు, "ఏ ఊరికి బయల్దేరావోయ్?" అని అడుగుతారు.

"ఇంకా తేలలేదు," అంటాడు మామయ్య. ముప్పయ్యేళ్లుగా అదే జవాబు.

ఆ వీధిలోకి కొత్తగా వచ్చిన మందుల షాపాయన ఒకసారి ఆయన్ని ఆపి, భుజం మీద చెయ్యి వేసి, "ఇంట్లో ఎన్ని గొడవలున్నా సర్దుకుపోవాలండీ. మాట విని వెనక్కి వెళ్లండి," అన్నాడు. "వెళ్తున్నానండీ," అని మామయ్య గోడ తట్టి వెనక్కి తిరిగాడు. తన మాటకు అంత విలువిచ్చిన మనిషిని మందుల షాపాయన అంతకుముందెప్పుడూ చూడలేదట. సాయంత్రం ఇంకో పెట్టెతో కనిపించేసరికి షాపులోంచి బయటికొచ్చి మరీ చూశాడు.

ఇంతా చేసి మామయ్య ఏ ఊరూ వెళ్లలేదు. పుట్టింది ఈ ఊళ్లోనే, పెళ్లి పక్క వీధిలో. "నా దగ్గరికి వచ్చే ప్రయాణాలన్నీ కాలు విరిగినవేనమ్మా," అనేవాడు నాతో. "బాగా జరిగిన ప్రయాణం ఒక్కటీ నా బల్ల ఎక్కలేదు. మరి నేనెట్లా నమ్మేది?"

ఆయనకు ఇంకో నియమం కూడా ఉంది. పెట్టెలో ఏం దొరికినా వాళ్లది వాళ్లకు ఇచ్చెయ్యాలి. లాడ్జి సబ్బు, ఒంటి మేజోడు, ఎవరిదో అరిగిపోయిన దువ్వెన, అన్నీ కాగితంలో చుట్టి అప్పగిస్తాడు. ఒక్క విషయంలోనే ఆ నియమానికి గండి పడింది. సముద్రం చూసొచ్చినవాళ్ల పెట్టెలు వస్తే చక్రాల సందుల్లో ఇసక ఉంటుంది. అత్తయ్య పాత టూత్‌బ్రష్షుతో ఆ ఇసకను గీకి తీసి ఒక గాజు సీసాలో పోసుకునేది. చిటికెడు చిటికెడుగా ఎన్నో ఏళ్లు పోసింది. "సముద్రం మనింటికి వాయిదాల మీద వస్తోంది," అనేది. మామయ్యకు ఆ సీసా కంట్లో నలుసు. "పరాయి సొత్తే అది," అనేవాడు. "ఎవరిది? పేరు చెప్పు, ఇచ్చేస్తా," అనేది అత్తయ్య. ఆయన చెప్పలేకపోయేవాడు.

అత్తయ్య సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. పోయినేడు ఆమె మోకాళ్లు అరగడం మొదలైంది. మెట్లు ఎక్కువ ఎక్కొద్దన్నాడు డాక్టరు. ఆమె దానికి బాధపడలేదు. ఇసకలో నడవొచ్చా అని మాత్రం అడిగింది. "ఇప్పుడైతే నడవొచ్చు," అన్నాడట ఆయన. ఆ 'ఇప్పుడైతే' అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ ఏడాది ఆఖరి వారంలో బ్యాంకులో పనిచేసే ఒకావిడ పెట్టె పట్టుకుని షాపుకు వచ్చింది. "త్వరగా కావాలండీ. వచ్చే ఏడాదికి ఆరు ఊళ్లు అనుకున్నాను. ముందే అనుకుంటే తప్ప అవి జరగవు," అంది.

"ఆరా? ఈ పెట్టెతోనా?" అని మామయ్య పెట్టె వైపు జాలిగా చూశాడు.

మెట్ల మీద కూర్చున్న అత్తయ్య మాత్రం ఆ మాట జాగ్రత్తగా పట్టుకుంది. ఆ పూట భోజనాల దగ్గర మొదలుపెట్టింది.

"ఏవయ్యా, వచ్చే ఏడాది మనం ఎక్కడెక్కడికి పోతున్నాం?"

మామయ్య చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "ఎవరు పోతున్నారు?"

"మనం."

"ఎందుకు?"

"సీసా నిండింది. ఇంక సముద్రం ఇక్కడికి రావడానికి చోటు లేదు. మనమే పోవాలి."

"దూరపు కొండలు నునుపే..."

"నేనడిగింది కొండ కాదు. సముద్రం దగ్గరికి పోయినా నునుపే. సరే, నాది సముద్రం. నువ్వొకటి చెప్పు. ఆ బ్యాంకావిడ ఒక్కతే ఆరు చెప్పింది."

మామయ్య చాలాసేపు ఆలోచించాడు. "బస్టాండు," అన్నాడు చివరికి.

"రోజూ చచ్చేదీ అక్కడికేగా!"

"గోడ దాకానే. లోపల ఎట్లా ఉంటుందో చూళ్లేదు."

"ముప్పయ్యేళ్లు గోడ తట్టి లోపలికి తొంగి చూళ్లేదా? గానుగెద్దు నయం, దాని వల్ల నూనైనా వస్తుంది." అని నా వైపు తిరిగింది. "అమ్మడూ, నువ్వు చెప్పు. ఎక్కడికి పోవాలనుంది?"

"నాకు ఇక్కడే బాగుందత్తయ్యా," అన్నాను.

"చూశావా! పిల్లకున్న బుద్ధి..." అన్నాడు మామయ్య.

"పిల్లికి ఎలుక సాక్ష్యం," అంది అత్తయ్య. "ఇద్దరూ వినండి. కొత్త ఏడాదిలో మొదటి ఆదివారం నేను సముద్రానికి పోతున్నా. వస్తే ఇద్దరం, రాకపోతే ఒక్కదాన్ని. ఈ మోకాళ్లు ఇసకలో దిగబడాలి గానీ ఈ మెట్ల మీద అరిగిపోకూడదు."

మామయ్యకు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే ఒక షరతుతో లేచాడు. "వస్తా. కానీ నడిపించి చూడందే పెట్టెనే ఇవ్వను, మనిద్దర్నీ ఎట్లా ఇస్తా? మనం కలిసి ఎప్పుడూ ఊరు దాటలేదు. దారిలో ఎవరి చక్రం ఎక్కడ ఊడుతుందో ఎవరికి తెలుసు?"

అలా మా ఇంట్లో ఒక సెలవు రోజు మధ్యాహ్నం ప్రయాణం నడిపించి చూశారు. ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని, మామయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, ఏటవాలు దిగి, సందు దాటి, గోడ తట్టి, తిరిగి వచ్చి మా ఇంటి తలుపే కొట్టారు. మా ముందుగదే లాడ్జి అట. నేను లాడ్జి గుమాస్తానట.

"రూము ఉందా అమ్మా?" అన్నాడు మామయ్య, నన్నెప్పుడూ చూడనివాడిలా.

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. మామయ్యే అయినా ఆ గొంతులో అడిగేసరికి నిజంగానే పెగల్లేదు. తలూపాను.

"అద్దె ఎంత?"

"తెలీదండీ."

"గుమాస్తాకే తెలీదట. ఇట్లాంటి లాడ్జిలో దిగుతామా?" అని ఆయన వెనక్కి తిరగబోతే అత్తయ్య చొక్కా పట్టుకుని లోపలికి లాగింది.

ముందుగదిలో చాప పరుచుకుని పడుకున్నారు. మామయ్య అటు దొర్లాడు, ఇటు దొర్లాడు.

"ఏమైంది?" అంది అత్తయ్య.

"ఇంటి మీద బెంగగా ఉందే."

"ఇదే ఇల్లు."

"మన మంచం లోపలిగదిలో ఉంటుంది."

"అయితే లేచి పోయి పడుకో."

"రేపటి దాకా ఉందామని వచ్చి మధ్యలో ఎట్లా పోతాం? నలుగురూ నవ్వరూ?"

ఇంతలో పక్కనున్న అద్దాల షాపావిడ తన మేడ కిటికీలోంచి తొంగి చూసింది. "అదేంటి వదినా, పెట్టె పట్టుకుని ఊరెళ్తుంటే చూశానే!"

"వచ్చేశాం వదినా. ఇదే ఆ ఊరు," అంది అత్తయ్య, చాప మీద నుంచి లేవకుండానే.

సాయంత్రానికి మామయ్య ఫలితం చెప్పాడు. "నువ్వు బాగానే ఉన్నావు. నేనే కొంచెం కిర్రుమంటున్నా. అయినా సముద్రం దాకా లాగుతాను."

ప్రయాణానికి అత్తయ్యదే ఒక ఎర్ర పెట్టె తీశారు. దాని లోపలి గుడ్డ నేనే మార్చాను. మామయ్య చక్రాలకు నూనె పోశాడు. బయల్దేరే ముందు రోజు సాయంత్రం అత్తయ్య పక్కింట్లో ఉండగా మామయ్య ఆ ఇసక సీసాను తువ్వాలులో చుట్టి, చీరల అడుగున పెట్టడం చూశాను. నేను చూడటం ఆయనా చూశాడు. "పరాయి సొత్తు," అన్నాడు నెమ్మదిగా. "ఎవరిదో ఇన్నాళ్లకు తెలిసింది కదా." చూసినవన్నీ చెప్పడం నాకు అలవాటు లేదు.

ఆదివారం పొద్దున అత్తయ్య చేతిసంచితో ముందే బస్టాండుకు వెళ్లింది. సీట్లు దొరకవని ఆమె తొందర. "పెట్టె నువ్వు తీసుకురా. నీ చేతిలో ఉంటేనే దానికి క్షేమం," అంది మామయ్యతో.

మామయ్య వెనకాలే బయల్దేరాడు. షాపు గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఎదురు షాపు తాళాలాయన అలవాటు ప్రకారం, "ఏ ఊరు?" అన్నాడు. "సముద్రానికి," అన్నాడు మామయ్య. తాళాలాయన పడీపడీ నవ్వి, చేతిలో ఉన్న తాళంచెవి కింద పారేసుకున్నాడు.

నేను వెళ్లి మిషను ముందు కూర్చున్నాను. ఎవరిదో పెట్టెకు లోపలి గుడ్డ కుడుతుండగా వీధిలో చక్రాల చప్పుడు వినిపించింది. నాకు బాగా తెలిసిన చప్పుడు. తలెత్తేసరికి మామయ్య ఎర్ర పెట్టెను బల్ల మీదికి ఎత్తుతున్నాడు. మొహం ప్రశాంతంగా ఉంది.

"కిర్రు లేదు, పిడి గట్టిగా ఉంది. ఇచ్చెయ్యొచ్చు," అన్నాడు. "అమ్మడూ, ఎవరిదిది?"

"మనదే మామయ్యా," అన్నాను.

ఆయన పెట్టెను చూశాడు. తన చొక్కాను చూసుకున్నాడు. మళ్లీ పెట్టెను చూశాడు. చక్రం చప్పుడు వింటూ నడిచాడు, కాళ్లు వాటి దారిన అవి పోయాయి. ఏటవాలు దిగాయి, సందు దాటాయి, గోడ దగ్గర చెయ్యి తన పని తను చేసుకుంది. అవతల వైపు బస్సు దగ్గర అత్తయ్య ఎదురుచూస్తోంది.

షాపు తలుపు దగ్గరికి వేసి, పెట్టె లాక్కుంటూ ఇద్దరం పరుగెత్తాం. ఆ రోజు మామయ్య మొదటిసారి బస్టాండు లోపలికి అడుగుపెట్టాడు. అనుకున్న ఊరు అలా చూసేశాడు, కానీ చూసే తీరిక లేకపోయింది. బస్సు వెళ్లిపోయింది.

"మీరేనా పెట్టెలాయన?" అన్నాడు అక్కడి టీ కొట్టాయన. "మీ ఆవిడ చివరి దాకా బస్సు మెట్టు మీదే నిలబడి చూసింది. పోతూ పోతూ మీకో మాట చెప్పమంది."

"ఏమంది?"

"'గోడ తట్టి ఇంటికి పోయుంటాడు' అంది."

నేను మామయ్య ఫోను తీసుకుని అత్తయ్యకు చేశాను. ఎర్ర పెట్టె లోపల మోగింది.

"పెట్టె లేకుండా పోయిందా?" అన్నాడు మామయ్య. "పెట్టె లేకుండా మనిషెట్లా పోతుంది? చీరలు ఇందులో, మోకాళ్ల మందు ఇందులో..." పిడిని గట్టిగా పట్టుకుని నా వైపు తిరిగాడు. "అమ్మడూ, ఇంకో బస్సు ఉంటుంది. నువ్వెళ్లి ఇచ్చిరా."

"నేనా?"

బస్టాండులో అంతమంది జనం. అందరూ కొత్తవాళ్లే. మిషను వెనక మూల గుర్తొచ్చింది. కానీ దానికన్నా గట్టిగా ఇంకోటి కళ్లముందుకొచ్చింది, సముద్రం ఒడ్డున నా చేతిలోంచి పెట్టె అందుకుంటూ, నా వెనక మామయ్య కోసం వెతుకుతున్న అత్తయ్య మొహం. అప్పుడు నా జన్మలోకల్లా పెద్ద మాట అన్నాను. "మామయ్యా, లోపలి గుడ్డ వరకే నా పని. పెట్టె అప్పగించడం మీ పని."

ఆయన ఆలోచించాడు. షాపు లెక్కన చూస్తే నా మాటకు తిరుగులేదు. "నిజమే," అన్నాడు. "ఎవరి పెట్టె వాళ్లకి చేరాలి. ప్రయాణం మాట ఎట్లా ఉన్నా ఇది బాధ్యత. ఇచ్చేసి వచ్చేస్తా, షాపు చూసుకో."

టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అన్నాడు లోపలాయన.

"మా ఆవిడ దగ్గరికి."

"ఏ ఊరండీ?"

ముప్పయ్యేళ్ల జవాబు ఆయన నాలుక చివరి దాకా వచ్చి ఉంటుంది. మింగేసి, "సముద్రానికి," అన్నాడు.

పెట్టెను బస్సు కింద డిక్కీలో వెయ్యమన్నాడు కండక్టరు. "అందులో వేస్తే ఏమవుతుందో మీకంటే నాకు బాగా తెలుసు," అని మామయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి ఆయన మొహం సగమే కనిపించింది, మిగతా సగం పెట్టె. బస్సు కదిలి, బస్టాండు వెనక గోడ పక్కగా మలుపు తిరిగింది. ఆ గోడను ఇవతల వైపు నుంచి చూడటం ఆయనకు అదే మొదలు. అది కనుమరుగయ్యే దాకా తల తిప్పుకుని చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు బ్యాంకావిడ పెట్టె కోసం వచ్చింది. "మీ మామయ్య లేరా?"

"సముద్రానికి వెళ్లారండీ."

"ఎవరి పెట్టెను నడిపించడానికి?" అని నవ్వింది.

ఆమె పెట్టె సిద్ధంగానే ఉంది గానీ ఇంకా నడిపించలేదు. సాయంత్రం రమ్మని చెప్పి, తూకపురాళ్లు సర్ది, నేనే వీధిలోకి లాక్కుపోయాను. అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించి తలెత్తలేదు. తాళాలాయన, "ఏ ఊరమ్మా?" అన్నాడు. "ఇంకా తేలలేదండీ," అన్నాను. గోడ కూడా తట్టి వచ్చాను. అరచేయి మోపేచోట అది నున్నగా అరిగిపోయి ఉంది.

వాళ్లు ఇంకో రెండు రోజులకు వచ్చారు. జరిగింది అత్తయ్య చెప్పింది, ఒక చేత్తో మోకాలికి మందు రాసుకుంటూ.

"బస్సు చివర ఆగేది సముద్రం పక్కనే. దిగి, పోయి ఇసకలో కూర్చున్నా. సముద్రం నా ముందుంది, నేను మాత్రం ఈ మనిషిని తిట్టుకుంటూ కూర్చున్నా. సాయంత్రం తిరిగి చూద్దును కదా, ఎర్ర పెట్టె నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. ఇసకలో చక్రాలు తిరగవుగా! వచ్చి, పెట్టె నా ముందు దించి, సముద్రం వంక కన్నెత్తైనా చూడకుండా ఏమన్నాడో తెలుసా? 'అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి' అన్నాడు. కట్టుకున్న పెళ్లాంతో!"

"అలవాటులో వచ్చేసింది," అన్నాడు మామయ్య.

"'గ్యారంటీ ఎన్నాళ్లండీ?' అన్నా నేను. అప్పుడు నవ్వాడు. పెట్టె తెరిస్తే అడుగున నా సీసా! 'సముద్రానిది సముద్రానికి ఇచ్చెయ్' అంటాడు. ఇవ్వనన్నా. చీకటి పడేదాకా కొట్లాడుకున్నాం. వేరుశనక్కాయలు అమ్మేవాడు మా ఇద్దరి మధ్యా కూర్చుని పంచాయితీ చేశాడు."

"చివరికి?" అన్నాను.

"చివరికి నేనే పోసేశా. మోకాళ్ల లోతు నీళ్లలోకి నడిచిపోయి మరీ పోశా. అన్నేళ్లు గీకి దాచుకున్నది, ఒక్క అల చాలలేదు దానికి. ఇంకొకటి వచ్చేసరికి ఎక్కడ పోశానో కూడా తెలీలేదు." మందు డబ్బాకు మూత పెట్టింది. "బాగుందే అమ్మడూ. చాలా బాగుంది. ఈయన మాత్రం ఒడ్డున నిలబడి, 'ఏమిటే ఇది, ఇందాకటి నుంచి వస్తోంది, వెనక్కి పోతోంది, ఎక్కడికీ పోవట్లేదు' అన్నాడు. 'ఎవరికో ఇచ్చే ముందు నడిపించి చూస్తున్నారు లే' అన్నా."

ఆ వారమంతా మామయ్య సముద్రం చూసొచ్చానని చెప్తే ఒక్కరూ నమ్మలేదు. తాళాలాయన సాక్ష్యం చూపించమన్నాడు. సాక్ష్యం లేదు. బస్సు ఎక్కే ముందు మామయ్య చక్రాలను దువ్వెనతో గీకి, ఇసకంతా అక్కడే దులిపేశాడట, అక్కడిది అక్కడే ఉండాలని. అందుకు అత్తయ్య దారంతా ఆయనతో మాట్లాడలేదు. ఉత్త సీసాను కడిగి, కిటికీలో బోర్లించింది.

ఎర్ర పెట్టెను అటక మీద పెట్టే ముందు లోపల తుడుద్దామని నేను తెరిచాను. మూల దగ్గర నా కుట్టు ఒకటి వదులైంది. అందులో వేలు పెడితే గరగరమంది. గుడ్డ వెనక చిటికెడు ఇసక. సీసాను మెల్లిగా నిలబెట్టి, అందులో పోసి, మూత పెట్టాను. అత్తయ్య మెట్ల మీద నుంచి చూస్తోంది.

సాయంత్రం పెట్టె నడిపించి వచ్చిన మామయ్య కిటికీ దగ్గర ఆగాడు. సీసా ఎత్తి, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మడూ, ఎవరిదిది?"

"మనదే మామయ్యా."

ఆయన సీసాను ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టి, మూత ఇంకొంచెం బిగించి, ఉతికిన చొక్కా విప్పడానికి లోపలిగదిలోకి వెళ్లాడు.